ఒకసారికి ఒక్క మార్పే

6వ తేదీ, సోమవారం

ఉ. 10:00. కొత్త నోటుబుక్కు. కొత్త పెన్ను. కొత్త నేను.

సమస్య: మూడు రోజులుగా నా కంప్యూటర్ హ్యాంగ్ అవుతోంది. బాణం గుర్తు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. బొమ్మ బిగుసుకుపోతుంది. లోపల ఫ్యాను మాత్రం ఎత్తు ఎక్కుతున్న లారీలా అరుస్తుంది. పవర్ బటన్ నొక్కిపట్టి పీక నులమడం తప్ప దారి లేదు.

తొందర: ఒక యానిమేషన్ స్టూడియో నాకు పరీక్ష పెట్టింది. ముప్ఫై సెకన్ల బొమ్మ చేసి 18వ తేదీ సాయంత్రం ఐదు లోపల పంపాలి. నచ్చితే ఉద్యోగం. నా బొమ్మలో ఒక గొడుగు తనంతట తనే ఇరవై రెండు మెట్లు దిగి వీధిలోకి వెళ్తుంది. ప్రస్తుతం ఏడో మెట్టు మీద నిలబడి ఉంది. ఎనిమిదో మెట్టు మీద కాలు పెట్టబోయిన ప్రతిసారీ హ్యాంగ్. గొడుగుకి కాలేమిటని అడక్కండి. కర్ర.

అనుమానం (పొద్దున్నుంచి చదివాను): తెరమీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డ్. దానికీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు మోసే ప్రోగ్రామ్ పేరు డ్రైవర్. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదన్నమాట. పేరయ్య ఒక మాట తేడాగా చెప్పాడంటే రెండు వైపులవాళ్ళూ మూతులు ముడుచుకుని కూర్చుంటారు. అదే హ్యాంగ్.

నియమాలు:
1. ఒకసారికి ఒక్క మార్పే.
2. ప్రతి మార్పూ టైముతో సహా ఇక్కడ రాయాలి.
3. ఒకటి మార్చాక పూట గడిచేదాకా ఇంకోదాని జోలికి పోకూడదు.
4. బావను పిలవకూడదు.

నాలుగోది ముఖ్యం. అక్క మొగుడు ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. పోయినేడు మా ప్రింటర్ వైరు వదులైతే వచ్చి గుచ్చి వెళ్ళాడు. ఆ కథ మూడు పెళ్ళిళ్ళలో విన్నాను. మూడో పెళ్ళికి ప్రింటర్‌లోంచి పొగ కూడా వచ్చింది.

అమ్మ నోటుబుక్కు వంక చూసింది. "ఇదెక్కడ పెట్టాలే? గిటారు పక్కనా, పరుగు బూట్ల పక్కనా?"

నేను మొదలుపెట్టి ఆపేసినవన్నీ మా అటక మీద ఉంటాయి.

"ఈసారి చూడమ్మా."

"చూస్తూనే ఉన్నా. నీ ఆరంభశూరత్వానికి అటక చాలట్లేదు."

7వ తేదీ, మంగళవారం

ఉ. 9:30. హ్యాంగ్. మంచిదే. వైద్యం చేయాలంటే ముందు రోగం కనబడాలి.

ఉ. 11:05. మార్పు 1: ఉన్న డ్రైవర్‌ని వేళ్ళతో సహా పెకలించి, నాలుగు నెలల కిందటి పాతది వేశాను.

మ. 12:00. బాగుంది.

మ. 2:00. బాగుంది!

సా. 4:30. తొమ్మిదో మెట్టు!!

సా. 6:00. పదో మెట్టు. ఇంత తేలికా! దీనికోసం రెండొందల పేజీల నోటుబుక్కు తెచ్చాను. మిగతా పేజీల్లో ఏం రాయాలి?

అక్కకి ఫోన్ చేశాను. ఊరికే. బావ లాక్కున్నాడు.

"ఏం మరదలా, కంప్యూటర్ మొరాయిస్తోందట? రీస్టార్ట్ చేశావా?"

"బాగు కూడా చేసేశాను బావా."

"ఒక్క రోజుకే పండగ చేసుకోకు. కాకపోతే ఒక్క మాట అను, 'బావా, నా వల్ల కాలేదు' అని. వచ్చి వాలతాను."

"ఆ మాట నా నోట రాదు."

"ప్రింటర్ అప్పుడూ ఇలాగే అన్నావు."

8వ తేదీ, బుధవారం

ఉ. 7:00. నేను లేచేసరికి నాన్న కంప్యూటర్ ముందు నుంచి లేస్తున్నారు. ఆఫీసులో టపా సెక్షన్‌లో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరైన మనిషి. రోజూ ఆరింటికి ఆన్ చేస్తారు. వార్తలు చదువుతారు, ఒంటరిగా పేకాట ఆడుకుంటారు. ఏడింటికి ఆఫ్ చేసి, గోడ స్విచ్చి కూడా ఆపి, కుర్చీ బల్లకిందికి తోసి వెళ్తారు. ఆయనకి కంప్యూటర్ నేర్పింది నేనే. అటక ఎక్కని నా పనుల్లో అదొకటి.

"మీకేమైనా హ్యాంగ్ అయిందా నాన్నా?"

"లేదమ్మా, శుభ్రంగా ఉంది. నాలుగు ఆటలు గెలిచాను."

పేకముక్కలకి గ్రాఫిక్స్ కార్డ్‌తో పెద్ద పని ఉండదులే.

ఉ. 9:40. పదకొండో మెట్టు. హ్యాంగ్.

ఉ. 10:15. హ్యాంగ్.

ఉ. 10:50. హ్యాంగ్.

తీర్మానం: పాత డ్రైవర్ ఉన్నా హ్యాంగ్ అవుతోంది కాబట్టి తప్పు డ్రైవర్‌ది కాదు. జాబితాలో కొట్టేశాను. ఎర్ర ఇంకుతో, రెండు గీతలు. కొట్టేసినదాన్ని మళ్ళీ చూడకూడదు. శాస్త్రం అంటే అదే.

9వ తేదీ, గురువారం

ఉ. 10:00. మార్పు 2: మూత విప్పి, రంగులేసే కుంచెతో దుమ్ము దులిపాను. లోపల దొరికినవి: పిడికెడు దుమ్ము, రెండేళ్ళ కింద పోయిన నా చెవిదిద్దు శీల, ఒక చీమల కుటుంబం. కుటుంబాన్ని మర్యాదగా సాగనంపాను.

మ. 12:20. హ్యాంగ్. కానీ శుభ్రంగా హ్యాంగ్ అయింది.

గొడుగు: పదకొండో మెట్టు.

10వ తేదీ, శుక్రవారం

ఉ. 9:30. మార్పు 3: వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. హ్యాంగ్.

మ. 1:10. మార్పు 4: మెమరీ ముక్కలు తీసి, రబ్బరుతో తుడిచి, పెట్టాను. నియమం 3 ప్రకారం పూట గడవాలి. భోజనం చేశాను. గడిచినట్టే.

మ. 1:50. హ్యాంగ్.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "మీ బావకో మాట చెప్తే పోతుంది కదే?"

"నాలుగో నియమం అమ్మా."

"మూడోది ఏమైంది?"

అమ్మ ఈ నోటుబుక్కు చదువుతోంది! తాళం వేసే డైరీ తెచ్చుకోవాల్సింది.

11వ తేదీ, శనివారం

ఇలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే గొడుగు వీధిలోకి వచ్చేసరికి వానలు వెలిసిపోతాయి. ఇంకా ఏడు రోజులే ఉన్నాయి.

ఉ. 10:30 నుంచి 12:15 లోపల:
– మెమరీ ముక్కలు అటుదిటు, ఇటుదటు
– తెరమీద ఈదే చేపల బొమ్మ తీసేశాను
– వైరస్ కాపలా ప్రోగ్రామ్ తీసేశాను
– పాత డ్రైవర్ మళ్ళీ వేశాను (కొట్టేసినదే. కానీ అందర్నీ పిలిచి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే బాగుండదు)
– బల్లను కిటికీ పక్కనుంచి హాలు మధ్యకి జరిపాను. ఎండ తగులుతోందేమో!
– కంప్యూటర్ పెట్టెకి ఎడమవైపు ఒక దెబ్బ

ఇవి ఆరు మార్పులు కావు. ఒకేసారి చేశాను కాబట్టి ఒక్క మార్పే.

మ. 3:00. బాగుంది.

సా. 6:00. పధ్నాలుగో మెట్టు!!! ఒక్క హ్యాంగ్ లేదు! ఆరింటిలో ఏది పనిచేసింది? తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆకలేసినవాడికి అన్నం ఎవరు వండితేనేం?

హాలు మధ్యలో బల్ల అంచు అమ్మ నడుముకి రెండుసార్లు, నాన్న మోకాలికి ఒకసారి తగిలింది. విజ్ఞానానికి ఎవరో ఒకరు త్యాగం చేయాలి.

12వ తేదీ, ఆదివారం

ఉ. 9:10. హ్యాంగ్.

13వ తేదీ, సోమవారం

ఎండ ఎక్కువగా ఉంది. కంప్యూటర్ సంగతి పక్కన పెట్టండి, మనిషికే ఏమీ తోచట్లేదు.

హ్యాంగ్: ఐదు. ఆరు కూడా కావచ్చు. లెక్కపెట్టడం వల్ల తగ్గుతున్న దాఖలాలు లేవు.

14వ తేదీ, మంగళవారం

ఈ రోజు డైరీ రాయలేదు.

15వ తేదీ, బుధవారం

ఉ. 11:00. కొత్త ఆలోచన. గొడుగు పధ్నాలుగో మెట్టు మీదే ఆగిపోతే? బొమ్మ అక్కడితో ముగుస్తుంది. చూసేవాళ్ళు ఆలోచనలో పడతారు. దిగడం ముఖ్యమా, దిగాలన్న ప్రయత్నం ముఖ్యమా? నాకైతే లోతుగానే అనిపిస్తోంది.

ఉ. 11:30. స్టూడియోకి ఒక ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. "అనివార్య కారణాల వల్ల" అని మొదలవుతుంది. పంపలేదు. ఉంది, అంతే.

మ. 4:00. పధ్నాలుగు మెట్లవరకూ నాన్నకి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని, టపా చదివినంత శ్రద్ధగా చూశారు.

"తర్వాత?"

"అంతే నాన్నా."

"కిందికి దిగదా?"

"అది ఆధునికం నాన్నా. మధ్యలో ఆగుతుంది."

కాసేపు తెర వంకే చూశారు. "పాపం, అంత దూరం దిగి వచ్చింది కదమ్మా," అన్నారు.

వంటింట్లోంచి అమ్మ చప్పుడు రాలేదు. వింటోందన్నమాట. అటక గురించి కూడా ఏమీ అనలేదు. అదే నాకు నచ్చలేదు.

16వ తేదీ, గురువారం

ఉ. 9:00. "బావా, నా వల్ల కాలేదు."

"ఏమిటీ? వినపడలేదు."

"వినపడింది."

"స్పీకర్‌లో పెట్టాను, మీ అక్క వింటానంటోంది. ఇంకోసారి."

చెప్పాను. అక్క నవ్వు మూడు వీధులకి వినపడి ఉంటుంది.

మ. 1:00. బావ వచ్చాడు. సెలవు పెట్టి మరీ. హాలు మధ్యలో బల్ల చూసి, "ఇదేమిటి మరదలా, కంప్యూటర్‌కి పెళ్ళి చేస్తున్నావా?" అన్నాడు. టీ తాగాడు. అన్నీ విప్పాడు, అన్నీ పీకాడు, తన దగ్గరున్న పాత డ్రైవర్ వేశాడు. ఇంకో టీ తాగాడు.

మ. 3:30. బాగుంది. పదహారో మెట్టు.

"చూశావా? డ్రైవరే."

"అది నేను ఏడో తారీఖునే వేశాను బావా! పదకొండున మళ్ళీ వేశాను!"

"వేయడం వేరు, వేసినట్టు వేయడం వేరు."

వెళ్తూ వెళ్తూ అమ్మతో, "ఇంకాస్త ఆలస్యమైతే పెట్టె అంటుకునేది అత్తయ్యా," అన్నాడు. అప్పుడే పొగ మొదలైంది.

17వ తేదీ, శుక్రవారం

ఉ. 9:05. హ్యాంగ్!

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఈ పన్నెండు రోజుల్లో ఇంత సంతోషంగా ఎప్పుడూ హ్యాంగ్ అవలేదు.

ఉ. 9:07. సంతోషం అయిపోయింది. రేపు సాయంత్రం ఐదింటికి గడువు. ఇంకా ఆరు మెట్లున్నాయి. ఆ తర్వాత ఏడువందల ఇరవై బొమ్మలు కంప్యూటర్ ఒక్కొక్కటీ గీసి ఇవ్వాలి. దానికే ఐదు గంటలు, మధ్యలో ఒక్కసారి హ్యాంగ్ అవకపోతే.

ఉ. 9:15. బావకి ఫోన్.

"అసంభవం. నేను బయల్దేరేటప్పుడు బంగారంలా ఉంది. నువ్వేం మార్చావు?"

"ఏమీ మార్చలేదు బావా. ముట్టుకోలేదు కూడా."

"డ్రైవర్ వెర్షన్ నంబర్ చూసి చెప్పు."

"నిన్న నువ్వే కదా వేశావు, మళ్ళీ చూడ్డం ఎందుకు?"

"చూడవమ్మా తల్లీ."

చూశాను. నిన్న బావ వేసినది కాదు. కొత్తది. సరికొత్తది.

"ఎవరో మార్చారు మరదలా."

"ఈ ఇంట్లో ఎవరు మారుస్తారు? అమ్మ దాని దగ్గరకే రాదు. నాన్న పేకాట…"

పేపరు వెనక నుంచి నాన్న గొంతు వచ్చింది. "అదా? అది నేనే మంజూరు చేశాను కదమ్మా."

ఫోన్‌లో బావ, "మంజూరా?" అన్నాడు. సలహా ఇవ్వకుండా అడగడం పుట్టాక మొదటిసారి అనుకుంటాను.

నాన్న లేచి, తన బీరువా తెరిచి, ఒక పొడుగు పుస్తకం తెచ్చారు. నీలం అట్ట. నిలువు గీతలు, వరుస సంఖ్యలు. కంప్యూటర్ తనని అడిగిన ప్రతిదీ ఆయన అందులో ఎక్కిస్తున్నారు. రెండేళ్ళుగా! ఆఫీసు భాషలో! ఈ నెల పేజీ ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"3వ తేదీ, ఉ. 6:10. డ్రైవర్ నవీకరణ కొరకు విజ్ఞప్తి. మంజూరు.
8వ తేదీ, ఉ. 6:12. పై విజ్ఞప్తి మరల వచ్చినది. మంజూరు.
12వ తేదీ, ఉ. 6:09. అదే విజ్ఞప్తి, మూడవ పర్యాయము. మంజూరు.
17వ తేదీ, ఉ. 6:11. నాల్గవ పర్యాయము. వీరికి ఎన్నిసార్లు మంజూరు చేసినను తృప్తి లేదు. మంజూరు."

నేను పాతది వేసిన మర్నాడల్లా పొద్దున్నే ఆన్ చేయగానే, కొత్త డ్రైవర్ వేయమంటారా అని తెరమీద చిన్న పెట్టె వస్తోంది. నాన్న 'సరే' నొక్కుతున్నారు. నేను చూసేసరికి పెట్టె ఉండదు, పాతది ఉండదు. నా నోటుబుక్కులో ఉన్న నాలుగు నియమాలూ ఆయన పుస్తకంలో నడుస్తున్నాయి.

"నాన్నా, అడిగినవాటికల్లా సరే అనేస్తారా?"

"ముప్ఫై రెండేళ్ళు నా బల్ల మీద కాగితం మర్నాటికి మిగల్లేదు," అన్నారు, మెల్లగా. "మెరుగైన పనితీరు కొరకు అని రాసి ఉంటే, నీ పని బాగుంటుంది కదా అనుకున్నానమ్మా."

"ఒక్కసారి నన్ను అడగొచ్చు కదా!"

ఆయన పుస్తకం మొదటి పేజీ తిప్పి నా ముందు పెట్టారు. రెండేళ్ళ కిందటి తేదీ. వరుస సంఖ్య 1.

"చిన్నమ్మాయి మౌఖిక ఆదేశం: 'అది ఏ పెట్టె చూపించి ఏమడిగినా సరే అని నొక్కెయ్యండి నాన్నా, ప్రతిదానికీ నన్ను పిలవకండి.' అమలు చేయవలెను."

అన్నాను. గుర్తుంది. గిటారు క్లాసుకి టైమవుతోంది ఆ రోజు.

ఉ. 9:50. ఫోన్‌లో బావ: "మామయ్యగారి పుస్తకం ఒకటి మా ఆఫీసుకి కావాలి."

ఉ. 10:20. మార్పు: పాత డ్రైవర్. ఒక్కటే.

సా. 6:30. ఇరవై రెండో మెట్టు. చివరి మెట్టు మీద గొడుగు ఒక్క క్షణం ఆగి, వీధి వంక చూసి, దిగుతుంది. ఆ ఆగడం ముందు అనుకున్నది కాదు. పన్నెండు రోజులుగా అది ఆగుతుంటే చూసిన అలవాటు.

18వ తేదీ, శనివారం

ఉ. 6:00. నాన్నతోపాటు నేనూ లేచాను. (ఇది విడిగా ఒక రికార్డు.) "ఇకపై 'తర్వాత' అని నొక్కండి," అన్నాను.

"నోటిమాట వద్దమ్మా. రాసివ్వు."

రాసిచ్చాను: "డ్రైవర్ నవీకరణ ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా 'తర్వాత' అని మాత్రమే నొక్కవలెను. ఈ ఆదేశం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది." సంతకం, తేదీ. ఆయన దానికి చిల్లు పొడిచి, దారం కట్టారు.

ఉ. 6:11. పెట్టె వచ్చింది. నాన్న వేలు 'సరే' మీదికి వెళ్ళి, ఆగి, 'తర్వాత' నొక్కింది. నుదురు తుడుచుకున్నారు. పెండింగ్ అనే మాట ఆయన చేతిరాతలో మొదటిసారి చూశాను. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి.

ఉ. 9:00. ఏడువందల ఇరవై బొమ్మలు గీయమని పెట్టాను.

నాన్న కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. అమ్మ చీపురు పట్టుకుని వస్తే, "అటు వద్దు, గాలి తగులుతుంది," అన్నారు. అమ్మ నా వంక చూసింది. ఆ చూపులో, ఇదివరకు నువ్వొక్కదానివే అనుకున్నా అని ఉంది.

మ. 2:10. 720.

మ. 4:20. పంపాను.

అమ్మ: "నోటుబుక్కు అటక మీదికేనా?"

"ఇంకా పేజీలున్నాయమ్మా."

బల్లని ముగ్గురం పట్టి మళ్ళీ కిటికీ పక్కకి జరిపాం.

25వ తేదీ, శనివారం

ఉ. 11:40. స్టూడియో నుంచి ఉత్తరం. "చివరి మెట్టు మీద గొడుగు ఆగి వీధిని చూడటం మాకు చాలా నచ్చింది." మూడు నెలలు ఇంటి నుంచే, నా కంప్యూటర్ మీదే పని. బాగా చేస్తే ఖాయం. సోమవారం నుంచి!!!

నాన్న ఉత్తరం రెండుసార్లు చదివి, ప్రింట్ తీయించి, దారం కట్టారు. అమ్మ అటక ఎక్కి గిటారు దుమ్ము దులిపి, అక్కడే పెట్టి దిగింది.

అక్క ఫోన్. వెనకనుంచి బావ: "నేను ఆ రోజు సెలవు పెట్టి రాకపోతే…"

27వ తేదీ, సోమవారం

ఉ. 9:00. మొదటి రోజు. ఈ మూడు నెలలకీ ఒకే నియమం: బాగా నడుస్తున్న కంప్యూటర్‌ని ముట్టుకోకూడదు. అసలు ఏ మార్పూ వద్దు.

ఉ. 9:30. నాన్న వచ్చి, "ఆ ఫైలు తొమ్మిది రోజులుగా పెండింగ్‌లో ఉందమ్మా," అన్నారు. ఉండనివ్వండి అన్నాను. నిట్టూర్చి వెళ్ళారు.

ఉ. 10:20. పెట్టె నాకే వచ్చింది. ఇంకా కొత్త డ్రైవర్. కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది: "హ్యాంగ్ సమస్యలు పరిష్కరించబడినవి."

ఉ. 10:25. ఊరికే చదువుతున్నాను. చదివితే తప్పు లేదు.

ఉ. 10:29. వాళ్ళే స్వయంగా ఒప్పుకుని సరిచేసుకున్నాం అంటుంటే నమ్మకపోవడం కూడా ఒక రకం మూర్ఖత్వమే.

ఉ. 10:31. సరే.

ఉ. 11:02. హ్యాంగ్.

ఉ. 11:04. ఫ్యాను చప్పుడుకి నాన్న వచ్చారు. తెర చూశారు. నన్ను చూశారు. నీలం పుస్తకం తెచ్చుకుని కూర్చున్నారు.

"ఎన్నింటికి?"

"పది ముప్ఫై ఒకటి."

"మంజూరు చేసిందెవరు?"

"రాయండి నాన్నా."

రాశారు. "27వ తేదీ, ఉ. 10:31. చిన్నమ్మాయి స్వయముగా మంజూరు చేసుకొన్నది. 18వ తేదీ నాటి వ్రాతపూర్వక ఆదేశము, తన సంతకము గలది, తానే ధిక్కరించినది." నాతో పక్కన సంతకం పెట్టించుకున్నారు.

ఉ. 11:20. పాత డ్రైవర్.

మ. 12:15. బాగుంది. మారింది ఒక్కటే కదా. ఏం మారిందో తెలుసు, ఎన్నింటికి మారిందో తెలుసు, ఈసారి ఎవరు మార్చారో కూడా తెలుసు.

మ. 12:20. కొత్త పేజీ.

నియమం 1. ఒకసారికి ఒక్క మార్పే.